ఫతే మైదాన్: బంతి ఎవరిది, బూట్లు ఎవరివి?

(సూరత్‌లోని వరాఛాలో తెలుగు విద్యార్థులు, అధ్యాపకులు కలిసి నడుపుకుంటున్న అధ్యయన బృందం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆటల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు కొంచెం తటపటాయించాను. మన సభల్లో రిజర్వేషన్ల గురించి, వర్గీకరణ గురించి, విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్న వివక్ష గురించి మాట్లాడుకుంటాం. ఫుట్‌బాల్ గురించి మాట్లాడితే "పని లేదా ఈయనకు" అనుకుంటారేమో అనిపించింది. కానీ సూరత్ రైలెక్కాక ఒక విషయం గుర్తొచ్చింది. ఇక్కడికి బరోడా రెండు గంటల ప్రయాణం. 1917లో బాబాసాహెబ్ ఆ ఊళ్లో ఉద్యోగంలో చేరారు. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషికి ఊళ్లో అద్దె గది దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని ఉన్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. హిందూ స్నేహితుడూ, క్రైస్తవ స్నేహితుడూ ఇంట్లో పెట్టుకోలేమన్నారు. బొంబాయి రైలు రాత్రికి గానీ లేదు. అప్పటిదాకా ఆయన ఎక్కడ కూర్చున్నారు? కామాఠీ బాగ్‌లో. అదొక పబ్లిక్ తోట. ఆ కథను ఆయనే రాసుకున్నారు, మీరంతా చదివే ఉంటారు. మనం సాధారణంగా సత్రం దగ్గర ఆగిపోతాం. నేను తోట దగ్గర ఆగుతాను. ఇల్లు, సత్రం, స్నేహితుడి వసారా, అన్నీ మూసుకుపోయిన రోజున ఆ ఊళ్లో ఆయన కూర్చోగలిగిన చోటు ఎవరి సొంతమూ కాని ఆ తోట ఒక్కటే.

అందుకే ఈరోజు ఒక మైదానం గురించి మాట్లాడతాను. హైదరాబాద్ నడిబొడ్డున, బషీర్‌బాగ్‌లో, నిజాం కాలేజీ పక్కన ఉన్న ఫతే మైదాన్. సర్కారు కాగితాల్లో లాల్ బహదూర్ స్టేడియం. మీలో చాలామంది కుటుంబాలు సిరిసిల్ల నుంచో, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచో మగ్గాల పనికి ఇక్కడికి వచ్చినవి. తాతల కాలంలో వచ్చిన వాళ్లు హైదరాబాద్‌ను "పట్నం" అనే అంటారు. పట్నం పోయిన వాళ్లెవరైనా ఆ గోడ పక్కనుంచి నడవకుండా ఉండరు. గోడకు ఆనుకుని ఆట సామాన్ల దుకాణాలు ఉంటాయి. బ్యాట్లు, జెర్సీలు, కప్పులు వేలాడుతుంటాయి. లోపల ఏం జరిగిందో మాత్రం ఆ దుకాణాల్లో ఎవరూ చెప్పరు.

పేరుతో మొదలుపెడదాం. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించాయి. ఆ కాలంలో మొఘల్ సైనికులు విడిది చేసిన ఖాళీ జాగా ఇదేననీ, కోట పడిపోయాక దీనికి "ఫతే", అంటే గెలుపు, అన్న పేరు వచ్చిందనీ చెబుతారు. అంటే ఈ నేలకు మొదటి పేరు హైదరాబాద్‌ను ఓడించినవాళ్లు పెట్టిన పేరు. ఆసఫ్‌జాహీల కాలంలో ఇక్కడ పోలో ఆడారు. గుర్రం ఉన్నవాడి ఆట అది. గుర్రానికి గడ్డి కోసేవాడు, పేడ ఎత్తేవాడు కూడా అదే మైదానంలో ఉంటారు, కాని వాళ్ల పేర్లు ఏ పట్టికలోనూ ఉండవు. తరువాత 1967లో చనిపోయిన ప్రధానమంత్రి పేరు పెట్టారు. మూడు వందల ఏళ్లలో రెండు పేర్లు మారాయి. ఒకటి చక్రవర్తి గెలుపు, ఇంకొకటి ఢిల్లీ నాయకుడి స్మరణ. అక్కడ ఆడిన వాళ్ల పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ఆడిన వాళ్లెవరు?

1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950లో డ్యూరాండ్ కప్ కూడా వాళ్లదే, మోహన్ బగాన్‌ను ఓడించి తెచ్చుకున్నారు. ఈ సంవత్సరాన్ని కాస్త జాగ్రత్తగా చూడమంటాను. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం పోయింది. తరువాతి నెలల్లో మరఠ్వాడాలో, ఇతర జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింస గురించి సుందర్‌లాల్ కమిటీ నివేదిక రాసింది, దాన్ని దశాబ్దాల తరబడి బయటకు రానివ్వలేదు. కొలువులు పోయిన వాళ్లు, ఊళ్లు విడిచిన వాళ్లు, సరిహద్దు దాటిన వాళ్లు. అది జరిగిన రెండేళ్లకే, అత్యధికంగా ముస్లింలు ఉన్న ఒక పోలీసు జట్టు బొంబాయి వెళ్లి కప్పు ఎత్తుకొచ్చింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, మొయినుద్దీన్, వీళ్లంతా ఆ తరం వాళ్లు. అలా మళ్లీ నాలుగేళ్లు తెచ్చారు. నగరంలో తల ఎత్తుకుని నడవడానికి కారణం కావలసిన జనానికి అదొక కారణమైంది. ఆ విషయం మామూలు ఫుట్‌బాల్ చరిత్రల్లో "స్వర్ణయుగం" అన్న ఒక్క మాటతో తేలిపోతుంది.

ఆ జట్టును తయారుచేసిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన "మైదాన్" సినిమా వల్ల ఇప్పుడు అందరికీ తెలిసిన పేరు. సినిమా సంగతి వదిలేయండి. ఆయన ఉస్మానియా పట్టభద్రుడు, బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950 నుంచి పోలీసు జట్టు శిక్షకుడు. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ భారత జట్టు ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ మూడు జట్లూ ఆయన చేతిలోనివే. జకార్తా ఫైనల్ నాటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్ 11న చనిపోయారు.

నాకు రహీం గురించి అన్నిటికంటే నచ్చిన సంగతి పతకాలు కాదు. ఆయన హైదరాబాద్‌లో పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒక్కడే తీసుకుపోవడానికి వీల్లేదు, వచ్చిన వెంటనే ఇంకొకడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటైన కాలితో కొట్టడానికి వీల్లేదు, బలహీనమైన కాలితోనే ఆడాలి. దీన్ని కోచింగ్ మెళకువ అంటారు, నిజమే. కాని "కులనిర్మూలన" చదివిన వాళ్లుగా మీరు ఇంకోలా కూడా చూడొచ్చు. సమాజం అంటే ఒకచోట ఉండడం కాదు, ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి అందడం, అనుభవాలు అటూ ఇటూ ప్రవహించడం అని బాబాసాహెబ్ అందులో వాదించారు. బంతిని తన దగ్గర దాచుకోవడాన్ని తప్పుగా లెక్కగట్టిన పోటీ ఒకటి హైదరాబాద్ మైదానాల్లో జరిగింది. రహీం అంబేద్కర్‌ను చదివారని నేను అనడం లేదు. అలా అతికించడం మనకు అక్కర్లేదు కూడా. చెప్పొచ్చేదేమంటే, మన దేశంలో ఆ ఆటను ఆ పద్ధతిలో ఆడడమే ఒక సామాజిక అలవాటును కదిలించే పని.

ఎందుకంటే బంతి తోలుతో చేసింది. ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. 1891లో శ్రీనగర్‌లో మిషన్ బడి నడిపే టిండేల్ బిస్కో అనే ఇంగ్లీషు పాదిరీ పిల్లలకు ఫుట్‌బాల్ చూపించాడు. ఆ పిల్లలు ఎక్కువమంది పండిత్ కుటుంబాల వాళ్లు. అది దేనితో చేశారని అడిగారు. తోలు అన్నాడు. అయితే ముట్టుకోం, అపవిత్రం అన్నారు. ఆయన కర్రలు పట్టుకున్న పంతుళ్లను చుట్టూ నిలబెట్టి ఆడించాడు. బంతి ఒక కుర్రాడి ముఖానికి తగిలింది. వాడు ఏడుపు, మిగతావాళ్లు హాహాకారాలు. చివరికి వాణ్ణి నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి కడిగించాక ఆట మళ్లీ మొదలైంది. బిస్కో దీన్ని తన నాగరికతా విజయంగా చెప్పుకున్నాడు. ఆ గొప్పలు పక్కన పెడితే మిగిలే వాస్తవం ఇది: ఆ బంతికి వాడిన తోలును తీసిన చేతులు, ఊనిన చేతులు, కుట్టిన చేతులు ఎవరివో ఆ పిల్లలకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఏడ్చారు. దేశవిభజన తరువాత సియాల్‌కోట్ ఆట సామాన్ల పరిశ్రమ జలంధర్‌కు చేరింది. అక్కడ బూటా మండీలో తోలు వ్యాపారంతో నిలదొక్కుకున్న ఆది ధర్మీ కుటుంబాలు పంజాబ్‌లో అంబేద్కర్ ఉద్యమానికి ఎంత అండగా నిలిచాయో మనకు తెలుసు. బంతి చరిత్ర, ఉద్యమ చరిత్ర అక్కడ ఒకే వీధిలో ఉన్నాయి.

క్రికెట్‌లో మన కథ కొంత రాశారు. పల్వంకర్ బాలూ గురించి, పూనాలో ఆయనకు టీ విరామంలో మట్టి ముంతలో విడిగా టీ ఇచ్చిన సంగతి గురించి, తరువాత 1937 ఎన్నికల్లో ఆయన బాబాసాహెబ్ మీదే పోటీకి నిలబడి ఓడిపోయిన సంగతి గురించి చదివే ఉంటారు. ఫుట్‌బాల్‌లో అలాంటి పని ఇంకా జరగలేదు. ఫతే మైదాన్ విషయంలో అసలు మొదలే కాలేదు.

ఇప్పుడు సికింద్రాబాద్‌కు రండి. 1806లో నిజాం సికందర్ జా పేరుతో ఏర్పడిన కంటోన్మెంట్ అది. సైన్యం ఉన్నచోట వంటవాళ్లు, గుర్రాలు కాసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, తోలు పనివాళ్లు, పాకీ పనివాళ్లు కావాలి. తమిళ ప్రాంతం నుంచి, తెలంగాణ పల్లెల నుంచి జనం వచ్చి చేరారు. వాళ్లలో పెద్ద భాగం అంటరాని కులాల వాళ్లు, క్రైస్తవం తీసుకున్నవాళ్లు. అరిగె రామస్వామి, జె.హెచ్. సుబ్బయ్య లాంటి నాయకులు పని చేసింది ఈ జనంలోనే. నగరం వైపు భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ ఉద్యమం నడిపారు. బడులు పెట్టారు, జోగిని దురాచారం మీద పోరాడారు. సైనికులు ఆడుతుంటే చూసి, గీత అవతల పడ్డ బంతిని తెచ్చి ఇచ్చి, తరువాత తామే ఆడిన పిల్లలు ఈ బస్తీల వాళ్లే. 1935లో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, మద్రాస్ రెజిమెంట్‌లో చేరి, 1958లో ఆసియాలోనే ఉత్తమ గోల్ కీపర్ అనిపించుకున్నాడు.

తులసీదాస్ బాలరామ్ దగ్గర కాసేపు ఆగుతాను. 1936లో పుట్టారు. తిరుమలగిరి పక్కన అమ్ముగూడ ఆయన ఊరు. తల్లి ముత్తమ్మ, తండ్రి కాళిదాస్, తమిళం మాట్లాడే కుటుంబం, కటిక పేదరికం. ఆయన చెప్పుకున్న కథ ఒకటి ఉంది. ఆడాలంటే బూట్లు కావాలి, కొనడానికి డబ్బు లేదు. పోలీసులు పారేసిన పాత బూట్లను పట్టుకుని చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్లి, వాటినే ఆడడానికి పనికొచ్చేలా చేయించుకున్నారు.

ఈ కథను పత్రికలు "పేదరికాన్ని జయించిన ప్రతిభ" అని రాస్తాయి. మనం ఒక ప్రశ్న అడగాలి. అసలు బూట్లు ఎందుకు కావలసి వచ్చాయి? 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు, ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడారు. 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా మీద 10-1 తేడాతో చిత్తయ్యారు. ఆ అవమానం తరువాత బూట్లు తప్పనిసరి చేశారు. ఆట దృష్ట్యా అది సరైన నిర్ణయమే, ఎవరూ కాదనరు. కాని ఆ రోజు నుంచి ఫుట్‌బాల్ ఆడడానికి ఒక ధర ఏర్పడింది. అప్పటిదాకా కాలు ఉంటే చాలు. ఇప్పుడు జోడు కావాలి. ఆ జోడు లేని పదహారేళ్ల కుర్రాడికి, ఆ కొత్త నియమానికి మధ్య ఉన్న దూరాన్ని పూడ్చింది రోడ్డు పక్కన కూర్చున్న ఒక తోలు పనివాడు. ఆయన పేరు నేను చదివిన ఏ వ్యాసంలోనూ లేదు. బాలరామ్ రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టారు, పెరూ మీద గోల్ కొట్టారు. ఆ గోల్స్ వెనక ఎక్కడో ఆ సూదీ దారం ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. విద్యార్థి మిత్రులు కొందరు నన్ను అడిగారు, బాలరామ్ మనవాడేనా అని. నాకు ఆధారం లేదు. ఆధారం లేకుండా ఎవరి కులాన్నీ మనం ప్రకటించకూడదు. అగ్రకుల చరిత్రకారులు మన వాళ్ల కులాన్ని చెరిపేశారు కాబట్టి మనం ఊహించి రాసేద్దాం అంటే అది పరిశోధన కాదు. ఏ జనం, ఏ బస్తీ, ఏ పని, ఏ కూలీ అన్నది మాత్రం ఆధారాలతో రాయొచ్చు, అది రాస్తే చాలా తేలుతుంది. బాలరామ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు, 1961లో కెప్టెన్ అయ్యారు, 1962లో అర్జున అవార్డు వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బుతో 1963లో, ఇరవై ఏడేళ్ల లోపే ఆట ముగిసింది. ఆ తరువాత బతుకంతా బెంగాల్‌లోనే, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో. 2023 ఫిబ్రవరి 16న పోయారు. పద్మ పురస్కారం రాలేదు, ఆ బాధ ఆయన చెప్పుకునేవారు కూడా.

సరే, ఇదే మైదానంలో ఇంకో ఆట వచ్చి కూర్చుంది. 1955 నవంబర్‌లో ఫతే మైదాన్‌లో మొదటి టెస్ట్ మ్యాచ్ జరిగింది, న్యూజీలాండ్ మీద పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. ఆ తరువాత నగరానికి ఈ స్టేడియం అంటే క్రికెట్టే. 1999లో టెండూల్కర్ 186, ద్రావిడ్‌తో 331 పరుగుల భాగస్వామ్యం. నేను దాన్ని తక్కువ చేయను, ఆ రోజు నేనూ రేడియోకు చెవి అతికించుకుని ఉన్నాను. అయితే ఒక మైదానంలో ఏ ఆటకు కుర్చీలు కడతారు, ఏ ఆటకు గడ్డి వేస్తారు అన్నది ఎప్పుడూ ఎవరి డబ్బు, ఎవరి సమయం అన్నదానితో తేలుతుంది. ఐదు రోజులు తెల్లబట్టల్లో నిలబడే తీరిక అందరికీ ఉండదు. గంటన్నరలో తేలిపోయే ఆటకు షిఫ్టు అయ్యాక రావచ్చు. మగ్గం షెడ్డు నుంచో, వజ్రాలకు సాన పట్టే కార్ఖానా నుంచో వచ్చే మీకు ఈ లెక్క నేను చెప్పక్కర్లేదు. క్రికెట్ ఉప్పల్‌కు వెళ్లిపోయింది. ఫుట్‌బాల్ మాత్రం అదే బలంతో తిరిగి రాలేదు.

ఆట పోయాక మైదానం ఖాళీగా లేదు. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు అక్కడే ప్రమాణస్వీకారం చేశారు. 2004లో రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి. జనం మధ్య ప్రమాణం అన్న మాట వినడానికి బాగుంటుంది. కాని లెక్క చూడండి. మూడు ప్రభుత్వాలు, మూడు పార్టీలు కాకపోయినా మూడు కాలాలు, వేదిక మాత్రం ఒకటే. ఫతే అన్న మాట మళ్లీ మొదటి అర్థానికే చేరింది: గెలిచినవాళ్లు విడిది చేసే జాగా. ఎదురుగా బషీర్‌బాగ్‌లో జగ్జీవన్ రామ్ విగ్రహం ఉంది. ఏడాదికి రెండుసార్లు దండలు వేస్తారు. స్టేడియం ఆవరణలోనే సభ్యత్వం ఉన్నవాళ్ల కోసం ఒక క్లబ్బు కూడా నడుస్తుంది. పబ్లిక్ స్థలంలో సభ్యత్వం అన్న మాట విన్నప్పుడల్లా నాకు కామాఠీ బాగ్ గుర్తొస్తుంది. ఆ తోటకు కూడా సభ్యత్వం ఉండి ఉంటే బాబాసాహెబ్ ఆ సాయంత్రం ఎక్కడ కూర్చునేవారు?

నా అసలు వాదన ఇక్కడ ఉంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు పడిపోయింది అని అడిగితే, సంఘాల్లో గొడవలు, క్రికెట్ మోజు, టీవీ అని చెబుతారు. అవి ఉన్నాయి. కాని అన్నిటికంటే పెద్ద కారణం ఉద్యోగం. హైదరాబాద్ సిటీ పోలీస్ అన్న పేరు మళ్లీ ఒకసారి పలకండి. అది క్లబ్బు కాదు, కొలువు. ఆడేవాడికి నెల జీతం, క్వార్టర్, చనిపోతే పింఛను. రైల్వే, సైన్యం, ప్రభుత్వరంగ కర్మాగారాలు, అన్నిటికీ జట్లు ఉండేవి. మామయ్య చెప్పి పెట్టించే ఉద్యోగం లేని బస్తీ కుర్రాడికి కాలి బలంతో దొరికే ఉద్యోగం అది. రిజర్వేషన్ చట్టం పక్కనే, కాగితం మీద రాయని ఇంకో నిచ్చెన. సిఫారసు లేకుండా ఎక్కగలిగిన నిచ్చెన. సంతోష్ ట్రోఫీని 1956, 1957ల్లో హైదరాబాద్, 1965లో ఆంధ్రప్రదేశ్ గెలిచాయి. నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటి వాళ్లు ఆ తరువాత కూడా ఈ నగరం నుంచి వచ్చారు, కాని వాళ్లకు పేరు తెచ్చిన మైదానాలు కలకత్తావి. శాఖల జట్లు చిక్కిపోయిన కొద్దీ ఆ నిచ్చెన మెట్లు ఊడిపోయాయి. ఇప్పుడు ఫీజు కట్టే అకాడమీలు ఉన్నాయి. బూట్లకు ఉన్న ధర ఇప్పుడు గడ్డికి, లైటుకు, కోచ్‌కు కూడా వచ్చింది.

ప్రైవేటు క్లబ్బు దానికి జవాబు కాలేకపోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మంచి జట్టు. దాని మ్యాచ్‌లు గచ్చిబౌలి స్టేడియంలో. తరువాత అప్పులు, జీతాల బకాయిలు, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. మూటాముల్లె సర్దుకుని పోగలిగింది క్లబ్బు. ఫతే మైదాన్ ఎక్కడికీ పోలేదు, పోలేదు కూడా.

గచ్చిబౌలి స్టేడియం పేరు గమనించారా? జి.ఎం.సి. బాలయోగి. లోక్‌సభకు మొదటి దళిత స్పీకర్. కోనసీమ నుంచి వచ్చి, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. 2024 డిసెంబర్ 31న ఆ స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్, కేరళ. చివరి నిమిషాల్లో రవి హాంస్దా కొట్టిన గోల్‌తో బెంగాల్ గెలిచింది. ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది కూడా అతనే, సంతాల్ ఆదివాసీ కుర్రాడు. దళితుడి పేరున్న స్టేడియంలో ఆదివాసీ గోల్ అని మనం చప్పట్లు కొట్టవచ్చు, కొట్టాం కూడా. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది తరువాత జరిగింది. బెంగాల్ ప్రభుత్వం ఆ జట్టు ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగాలు ఇచ్చింది. డెబ్బై ఏళ్ల కిందట హైదరాబాద్ చేసిన పని అదే. మనం మరిచిపోయింది వాళ్లు గుర్తుపెట్టుకున్నారు.

అమ్మాయిల విషయం. నేను ఇంతసేపు చెప్పిన పేర్లలో ఒక్క ఆడపిల్ల పేరు లేదు, ముత్తమ్మ గారిది తప్ప. ఇది నా తప్పే కాదు, ఆ మైదానం తప్పు కూడా. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన లంబాడా అమ్మాయి గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. అనంతపురంలో ఆర్‌డీటీ క్రీడా గ్రామంలో ఊరి ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని బంతి తంతున్నారు. ఊళ్లో పెద్దకులాల అరుగు ముందు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన అమ్మమ్మల మనవరాళ్లు స్టడ్స్ ఉన్న బూట్లతో నడుస్తున్నారు. దీని మీద ఎవరైనా పీహెచ్‌డీ చెయ్యండి. నేను గైడ్ చేసే అర్హత లేనివాణ్ణి, కాని చదువుతాను.

ఇంకొక్క సంగతి. 2008 ఆగస్టులో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ హైదరాబాద్‌లో జరిగింది. సెమీఫైనల్లో మయన్మార్‌ను 1-0తో గెలిచాం. వాన పట్టుకుంది. మైదానం బురదైంది. ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. ఢిల్లీలో ఎక్కడ? ఢిల్లీ గేట్ దగ్గర, కోట్లా క్రికెట్ స్టేడియం పక్కనే ఉన్న అంబేద్కర్ స్టేడియంలో. డ్యూరాండ్ కప్‌కు ఎన్నో ఏళ్లు వేదికైన ఫుట్‌బాల్ మైదానం అది. ఆగస్టు 13న సునీల్ ఛెత్రి మూడు గోల్స్ కొట్టాడు, తజికిస్తాన్ మీద 4-1. 1984 తరువాత మళ్లీ ఆసియా కప్‌కు అర్హత వచ్చింది అలాగే. క్రికెట్ స్టేడియం పేరు మారింది, గోడలు మారాయి, డబ్బు ప్రవాహం మారింది. పక్కనే ఉన్న ఆ ఫుట్‌బాల్ మైదానానికి బాబాసాహెబ్ పేరు, చిన్న గ్యాలరీలు, ఎండ. మన పేరు ఏ మైదానానికి పెడతారో, ఏ మైదానానికి పెట్టరో కూడా చూడాల్సిన విషయమే. ఫతే మైదాన్‌కు రహీం పేరు పెట్టమని నేను అడగడం లేదు. పేర్ల పంచాయితీ మనకు ఇప్పటికే చాలా ఉంది. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా, ఫీజు లేకుండా, బస్తీ పిల్లలకు తలుపు తీసి, బూట్లు అక్కడే ఇచ్చే ఏర్పాటు చేస్తే చాలు. ఏ ప్రభుత్వమైనా చెయ్యగలిగిన పని. ప్రమాణస్వీకారానికి వేసే వేదిక ఖర్చులో ఎన్ని జోళ్లు వస్తాయో మీలో కామర్స్ చదివేవాళ్లు లెక్కగట్టండి.

మీకు ఒక పని అప్పగించి వెళ్తాను. ఈ సూరత్‌లో తెలుగు మీడియం మున్సిపల్ బడులు ఉన్నాయి, ఆ బడుల్లో చదివిన పిల్లల తాతలు ఇంకా ఉన్నారు. వాళ్లలో 1950ల, 60ల హైదరాబాద్‌లో, సికింద్రాబాద్‌లో ఉండి వచ్చిన వాళ్లు ఉంటారు. వెళ్లి కూర్చుని అడగండి. ఎవరు గెలిచారు, ఎన్ని గోల్స్ అని మొదలుపెట్టకండి, అవి పేపర్లలో దొరుకుతాయి. లోపలికి ఏ గేటు నుంచి వెళ్లేవారు అని అడగండి. టిక్కెట్టు కొన్నారా, చెట్టెక్కి చూశారా? నీళ్లు ఎక్కడ తాగారు, ఏ గ్లాసులో? ఎవరి పక్కన కూర్చున్నారు? ఆడిన వాళ్లయితే, బూట్లు ఎక్కడివి, కుట్టిందెవరు? పేరు గుర్తుంటే ఆ పేరు రాసుకోండి. మాటను రికార్డు చేసేముందు అనుమతి అడగండి, అమ్మమ్మలు ఉంటే వాళ్లనూ అడగండి, వాళ్లు మ్యాచ్ చూడకపోయినా మ్యాచ్ రోజున ఇంట్లో ఏం వండారో చెబుతారు.

ప్రశ్నలుంటే ఇప్పుడు తీసుకుందాం. ముందు వెనక వరసలో నిలబడ్డ వాళ్లు ఇటు వచ్చి కూర్చోండి, చోటు ఉంది.